రేకు మీద ఆకుపచ్చ జీపు

ఫోటోలో ఖైసర్ నవ్వుతున్నాడు. ప్రవళిక ఆ నవ్వును పట్టించుకోలేదు. రెండు వేళ్లతో ఫోటోను పెద్దది చేసి అతని భుజం వెనకాల ఉన్న అల్మారాను చూసింది. క్యాలెండరుకూ అగరుబత్తుల డబ్బాకూ మధ్యన వేలెడంత జీపు. ఆకుపచ్చ రంగు. బానెట్ మీద సూదితో గీకిన ‘ప్ర’.

"నా జీపు," అంది.

స్టీరింగు పట్టుకుని ఉన్న రోజారాణి ఉలిక్కిపడి బ్రేకు తొక్కింది. వెనకాల ఆటోవాడు హారన్ మోగించాడు.

"నేనేం జేసిన మేడం?"

"నువ్వేం జెయ్యలే. బండి పక్కకు ఆపు."

కరీంనగర్‌లో ఆడవాళ్లకు కారు నేర్పే స్కూలు ప్రవళికది. పాఠం నడుస్తుండగా ఫోను చూడటం ఆమె అలవాటు కాదు. కానీ పదో తరగతి దోస్తుల గ్రూపులో లారీల భానుప్రసాద్ పంపిన ఫోటో అది. ‘ఆదిలాబాద్‌ల టైర్లు మార్పిచ్చిన. దుకాణం ఎవల్దో గుర్తువట్టిన్రా? మన సైకిల్ షాపు ఖైసర్.’ కింద అందరూ చేతులు జోడించే బొమ్మలు పెడుతున్నారు. ప్రవళిక ఒక్కతే అడిగింది: ‘దుకాణం ఆదివారం తెరిచుంటదా?’

సిరిసిల్లలో సాంచల సందు అంటే పవర్‌లూములు తప్ప ఇంకో చప్పుడు వినపడని సందు. ప్రవళిక బాపు లక్ష్మీరాజం అక్కడే సాంచలు నడిపేవాడు. సందు మొదట్లో ఖైసర్ వాళ్ల అబ్బా సైకిల్ షాపు. బడి లేని రోజుల్లో ఆ షాపు అరుగుకు పాత ఇనుప రేకు ఒకటి ఏటవాలుగా ఆనించేవాళ్లు. మడతల రేకు. ఒక్కో గాడి ఒక్కో బండికి దారి. పైనుంచి వదిలితే, ఎవరి కారు ముందు నేలను తాకితే వాళ్లు గెలిచినట్టు. ఓడినవాళ్ల కారు గెలిచినవాళ్లది.

పిల్లలాటే కానీ కట్టుబాటు గట్టిది. గెలిచిన కారును అమ్మొద్దు, ఊరికే ఇవ్వొద్దు. ఓడినవాళ్లు మరో కారు పెట్టి మళ్లీ పందెం అడిగితే కాదనొద్దు. కాదంటే గెలిచింది వాపసు ఇచ్చెయ్యాలి. దుకాణంలో కొన్న కొత్త కారు పందేనికి చెల్లదు. చక్రాలు అరిగిన బండి కావాలి.

ఆ ఆటలో ఆడపిల్ల ప్రవళిక ఒక్కతే. ఆమె బిస్కెట్ డబ్బా నిండా కార్లుండేవి. ఒక్క జీపు తప్ప అన్నీ మగపిల్లల దగ్గర గెలుచుకున్నవే. జీపు మాత్రం బాపు కొండగట్టు మీద కొనిచ్చింది. దాన్ని ఆమె ఎప్పుడూ పందెం పెట్టలేదు. ఒక్క మధ్యాహ్నం పెట్టింది. జానెడు తేడాతో ఖైసర్ గెలిచాడు. "దగా చేసినవ్," అని సందంతా వినపడేలా అరిచింది. రేపు మళ్లీ ఆడదామన్నాడు వాడు. రేపు రానే లేదు. ఆ వారంలోనే వాళ్ల అబ్బా షాపు ఖాళీ చేసి, కుటుంబంతో ఆదిలాబాద్‌కు, బావమరిది టైర్ల వ్యాపారంలోకి వెళ్లిపోయాడు. జీపూ వెళ్లిపోయింది.

ఆ తర్వాత ప్రవళిక పెళ్లి చేసుకుంది, స్కూలు పెట్టింది, ఊళ్లో సగం మంది ఆడవాళ్లకు క్లచ్ వదలడం నేర్పింది. ఒక్క సంగతి మాత్రం తేలలేదు. వాడు ఎలా మోసం చేశాడు? గాడికి మైనం పూశాడా? అడుగున అయస్కాంతం పెట్టాడా? వెనకాల ఊదాడా? కొత్త అనుమానం వచ్చినప్పుడల్లా భర్త అరుణ్‌కుమార్‌కు చెప్పేది.

"గసుంటి జీపు ఫోన్ల నొక్కితే ఇంటికి వస్తది," అనేవాడు అతను.

"నాకు గసుంటిది వద్దు. నాదే గావాలె. గెలిచి గావాలె."

"నాకు సమజ్ గాదు."

"నీకు సమజ్ గాదని నాకు ఎర్కే."

ఆదివారం పాఠాలన్నీ రద్దు చేసింది. బిస్కెట్ డబ్బాలో మిగిలింది ఒకే కారు, ఎర్రది. పిల్లలు, పిల్లల పిల్లలు ఆడి విరగ్గొట్టగా మిగిలిన గట్టి బండి. దాన్ని చేతిసంచీలో వేసుకుంది. పక్కనే బాపు సాంచకు నూనె పెట్టే పొడుగు ముక్కు డబ్బా. అది ఆమె ఆయుధం. మగపిల్లలకు తెలియకుండా ఇరుసుల్లో రెండు చుక్కలు వేసుకుంటేనే అన్ని కార్లు గెలిచింది.

దారి ఆమెను ఏడిపించింది. కొండగట్టు దగ్గర భక్తుల బండ్లు రోడ్డుకు అడ్డంగా నిలిపారు. నిర్మల్ దాటాక ఘాట్‌లో పత్తి లారీలు. లోడు రెండు పక్కలా పొంగి రోడ్డంతా ఆక్రమించింది. ముందుకు పోదామంటే మలుపు, మలుపు అయిపోతే ఇంకో లారీ. శిష్యురాళ్లకు రోజూ చెప్పే "ఓపిక పట్టాలె" అన్న మాట తనకు తానే చెప్పుకుని, ఆ మాట మీద కూడా కోపం తెచ్చుకుంది.

ఆదిలాబాద్‌లో పత్తి మార్కెట్ దాటిన వెంటనే ఖైసర్ దుకాణం. రోడ్డు మీద దూది పింజలు కోడి ఈకల్లా ఎగురుతున్నాయి. కారు ఆగగానే ఒక లావుపాటి మనిషి వచ్చాడు. ఆమె మొహం కంటే ముందు టైర్లు చూశాడు.

"ముందటి రెండు అరిగిపోయినయ్ మేడం. నేర్చుకునేటోళ్లు బండి నిలబెట్టి స్టీరింగు తిప్పుతరు. దానికే పోతయ్. మార్చాల్నా?"

"టైర్లకు రాలే."

"మరి?"

"నా జీపుకు వచ్చిన."

అప్పుడు మొహం చూశాడు. కాసేపు చూశాడు. "సాంచల లక్ష్మీరాజం బిడ్డ ప్రవళికవా?"

"ఇంకెంతమంది జీపులు గుంజుకున్నవ్?"

ఖైసర్ కడుపు కదిలేలా నవ్వి లోపలికి పిలిచాడు. దుకాణం వెనకే ఇల్లు. అతని భార్య హఫీజా చాయ్ తెచ్చింది. సంగతి విని ఆశ్చర్యపోయింది.

"గీ పిసరంత జీపుకు కరీంనగర్ నుంచి వచ్చిన్రా ఆపా? తీస్కపోండి. దీని దుమ్ము తుడవలేక నేను పరేషాన్ అయితున్న." అల్మారాలోంచి తీసి ప్రవళిక చేతిలో పెట్టబోయింది.

ఖైసర్ మధ్యలోనే అందుకున్నాడు. "అట్ల ఇయ్యద్దు. గెలిచిన కారు ఊకె ఇయ్యద్దు."

"ఊకె ఇస్తె నేనూ తీస్కోను," అంది ప్రవళిక.

హఫీజా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మిమ్మల్ని ఇద్దర్ని ఒక్కటే డాక్టరుకు సూపియ్యాలె."

"పందెం బాకీ ఉన్నవ్ ఖైసర్. ఆడు."

"ఆడుత. జర ఆగు, గిరాకి వచ్చింది."

ఆగింది. లారీ వచ్చింది, పంచరు. అది పోయేలోపు ట్రాక్టరు. తర్వాత అతను నమాజుకు వెళ్లి వచ్చాడు. వచ్చేసరికి ఇంకో లారీ. ప్రతిసారీ "అయిపాయె, ఒక్క నిమిషం" అన్నాడు. ప్రవళిక దుకాణం ముందు టైర్ల కుప్ప మీద కూర్చుంది. ఊరికే కూర్చోలేక నూనె డబ్బా తీసి ఎర్ర కారు ఇరుసుల్లో చుక్కలు వేసింది. అరచేతి మీద దొర్లించింది. చక్రం గిర్రున తిరిగింది. మళ్లీ నూనె, మళ్లీ దొర్లించడం. మార్కెట్‌కు పోయే లారీల నుంచి దూది రాలి ఆమె జుట్టు మీద, ఒడిలో, చేతుల మీద పడుతూ ఉంది. దులుపుకుంది. ఎదురు చూసింది. వాడు కావాలనే ఆలస్యం చేస్తున్నాడని ఆమెకు నమ్మకం కుదిరింది.

చివరికి ఖైసర్ పెరట్లోంచి మడతల రేకు తెచ్చి రెండు టైర్ల మీద ఆనించాడు. ఆమె ఒంగి గాడులను వేలితో తడిమింది. అడుగున చెయ్యి పెట్టి చూసింది. మైనం లేదు. అయస్కాంతం లేదు.

"ఏం దేవులాడుతున్నవ్?"

"నీకు ఎర్కే."

అతను జీపు పట్టుకున్నాడు. ఆమె ఎర్రది పట్టుకుంది. హఫీజా లెక్కపెట్టింది. "ఏక్, దో, తీన్."

సగం దాకా ఎర్రది సమానంగా వచ్చింది. సగం తర్వాత ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు ఆగి ఆగి కదిలింది. జీపు నేల తాకి, గచ్చు మీద దొర్లి, హఫీజా చెప్పు దగ్గర ఆగింది.

"దగా," అంది ప్రవళిక.

ఖైసర్ నవ్వు ఆగిపోయింది. "అప్పుడు గూడ గిదే మాట అన్నవ్. సందంత విన్నది. ఇగో, నా బండి పట్టు. తిప్పి చూడు. తర్వాత నీది చూడు."

జీపు తిప్పి చూసింది. ఇరుసుల దగ్గర నల్లటి పొడి. నూనె లేదు, తడి లేదు.

"పెన్సిల్ ముల్లు నూరి గా పొడి పోస్త," అన్నాడు. "చిన్నప్పటి సంది గంతే."

ఎర్ర కారు తిప్పింది. ఇరుసుల చుట్టూ బూడిద రంగులో ఏదో పట్టుకుని ఉంది. జడపిన్ను తీసి లాగింది. నూనెలో నానిన దూది, తాడులా చుట్టుకుపోయి, ఊడి వచ్చింది. ఇంకో చక్రం నుంచి ఇంకో తాడు.

ఆమె ఆ తాడును వేళ్ల మధ్య నలిపి చూసింది. సాంచల షెడ్డులో, సందులో గాలినిండా నూలు నూగే. బాపు పొద్దున్నే కుచ్చు బ్రష్షుతో సాంచనంతా ఊడ్చి, నూగు దులిపాకే నూనె డబ్బా ముట్టేవాడు. తను నిద్రలేచి షెడ్డుకు పోయేసరికి ఊడ్చడం అయిపోయేది. నూనె పెట్టడం ఒక్కటే చూసింది. అదే నేర్చుకుంది.

"పొద్దుగాల నిన్ను ఎవ్వడు గెలవకపోతుండె," అన్నాడు ఖైసర్. "మధ్యాహ్నం దాటితే నీ బండ్లు కుంటుతుండె. అందుకే పెద్ద పందేలకు నిన్ను అప్పుడు పిలుస్తుంటిమి."

ప్రవళిక తల పైకెత్తింది. "మీకు తెల్సా?"

"కుంటుతయని తెల్సు. ఎందుకో తెల్వది."

"జెప్పలే."

"పందెం గదా. ఎవలన్న జెప్తరా? నువ్వు నూనె సంగతి మాకు జెప్పినవా?"

దీనికి ఏ పేరు పెట్టాలో ఆమెకు తోచలేదు. మోసం కాదు. మోసం కాకపోవడమే ఎక్కువ మండించింది. ఇన్నేళ్లు మైనం గురించి, అయస్కాంతం గురించి ఆలోచించింది, జవాబు తన సంచీలోని డబ్బాలో ఉండగా.

"ఇగ ఎర్రది నాది," అన్నాడు ఖైసర్, కొంచెం మెల్లగా. "అన్నం దిని పో. దూరం పోవాలె." హఫీజా అన్నం చూడటానికి లోపలికి వెళ్లింది.

"మళ్ల పందెం."

"ఏం పెడ్తవ్? కొత్త కారు చెల్లదు."

ప్రవళిక లేచింది. చేతిసంచీలోంచి తాళంచెవి తీసి రేకు పక్కన గచ్చు మీద పడేసింది. ఆ చప్పుడుకు హఫీజా గరిటెతో సహా బయటికి వచ్చింది.

"ఏందిది?" అన్నాడు ఖైసర్.

"కారు. చక్రాలు అరిగినయని నువ్వే అన్నవ్. రేకు మీద నడిపెటందుకు ఎర్రది నాకు అరువియ్యి. అరువు బండి చెల్లుతది. పందెం మాత్రం గా బయట ఉన్నది."

"పిచ్చి లేసిందా? గది నీ బతుకుదెరువు."

"కాదంటవా? కాదంటే జీపు వాపస్ ఇయ్యాలె. కట్టుబాటు."

"ఆపా, కూసోండి," అంది హఫీజా. "నీళ్లు తాగుండి."

"నీళ్లు గాదు హఫీజా, లెక్కపెట్టు."

ఖైసర్ బయట నిలిచిన కారు వైపు చూశాడు. దాని మీద పెద్ద అక్షరాల్లో స్కూలు పేరు, కింద ప్రవళిక ఫోను నంబరు. చెమట తుడుచుకున్నాడు. కాదంటే పిరికివాడు, ఔనంటే ఇంకా ఘోరం. ఎర్ర కారు తీసి ఆమెకు ఇచ్చాడు. ఆమె పిన్నుతో, చీర కొంగుతో ఇరుసులు తుడిచింది. అతను అడక్కుండానే పెన్సిల్ ముల్లు పొడి చేసి కాగితంలో ఇచ్చాడు. ఆమె అడక్కుండానే తీసుకుంది.

"ఏక్, దో, తీన్."

ఎర్రది దూసుకుపోయింది. జీపు వెనకబడి వచ్చి నేల తాకింది. మూరెడు తేడా.

హఫీజా ఊపిరి వదిలింది. ఖైసర్ తాళంచెవి తీసి ప్రవళిక చేతిలో పెట్టాడు. దాని మీద జీపు పెట్టాడు. "గెలిచినవ్. ఇగ ఖుషీయా?"

జీపు ఆమె అరచేతిలో ఉంది. ‘ప్ర’ మీద వేలు పెట్టింది. అప్పుడే ఫోను మోగింది. అరుణ్‌కుమార్.

"దొరికిందా?"

"దొరికింది."

"చేతిల ఉన్నదా?"

"ఉన్నది."

"మరి బయల్దేరు. మాపటి వరకు వస్తవా? అన్నం నేనే వండాల్నా?"

"వండు. నేను గెలవలే."

"చేతిల ఉన్నదంటివి?"

"తర్వాత జెప్త." ఫోను పెట్టేసి ఖైసర్ వైపు తిరిగింది. "నువ్వు లేటుగ వదిలినవ్."

"లేదు."

"నేను రోజూ మంది కాళ్లు చూస్త ఖైసర్. క్లచ్ ఎప్పుడు వదిలిన్రో, ఎప్పుడు వదల్లేదో చూసుడే నా పని. నీ వేలు జీపు మీదికెల్లి లేటుగ లేసింది."

"లేదన్న గదా."

"లేటుగనే వదిలిండు ఆపా," అంది హఫీజా. "నేను గూడ చూసిన."

"నువ్వు ఎవల దిక్కు?" అన్నాడు ఖైసర్ భార్యను.

"అన్నం సల్లారుతుంది. ఎవల దిక్కయితె ఏంది?"

ఖైసర్ చేతులు దులుపుకున్నాడు. "ఏం జెయ్యమంటవ్ ప్రవళిక? గెలిచి నీ కారు తీస్కోవాల్నా? తీస్కపో జీపును. లారీ వచ్చింది చూడు, గిరాకి పోతుంది."

"పోనీ." జీపును రేకు మీద, గాడి మొదట్లో పెట్టింది. "ఇప్పుడు జీపు నాది. నాది గనుక పందెం పెడుతున్న. నువ్వు ఎర్రది పెట్టు. ఓడితె నాకు పొయ్యేది జీపే, ఇంకేం గాదు. ఇగ నీకు భయమేంది? సక్కగ ఆడు."

బయట లారీ హారన్ కొట్టింది. ఖైసర్ అటు తిరిగి, "ఆగు భాయ్," అని అరిచాడు. పొద్దుటి నుంచి అతను గిరాకీని ఆపడం అదే మొదటిసారి. చేతి గడియారం తీసి జేబులో వేసుకున్నాడు. మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఎర్ర కారు చక్రాలను ఒక్కొక్కటీ తిప్పి చూశాడు, పొడి వేశాడు, ఊదాడు. అతని మొహంలో దుకాణదారు లేడు. ప్రవళికకు ఒక్క క్షణం భయం వేసింది. వెంటనే జీపు చక్రాలు తను కూడా చూసుకుంది. అన్నీ బాగానే ఉన్నాయి.

"గాడి మార్చుకుంటవా?" అన్నాడు.

"నువ్వు గెలిచిన గాడే తీస్కుంట."

"తీస్కో."

హఫీజా ఈసారి గరిటె పైకెత్తి లెక్కపెట్టింది. ప్రవళిక జీపు మీద చూపు పెట్టలేదు. అతని వేలినే చూసింది. తీన్ అనగానే రెండు వేళ్లూ ఒకేసారి లేచాయి.

జీపు ముందుంది. సగం దాటాక కూడా ముందుంది. ఎర్రది నెమ్మదిగా అందుకుంది, పక్కకు వచ్చింది. చివరి జానెడులో రెండూ కలిసి దిగాయి. ఎర్రదాని మూతి ముందు తాకింది. ఒక్క చక్రం తేడా. ముగ్గురూ చూశారు.

ఖైసర్ మెల్లగా జీపు తీసుకున్నాడు. అల్మారాలో పెట్టలేదు, చొక్కా జేబులో వేసుకున్నాడు. రేకు తీసి గోడకు ఆనించబోతే ప్రవళిక చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండు. జర చూడనియ్యి."

గచ్చు మీద కూర్చుంది. తన గాడిని పైనుంచి కింది దాకా వేలితో తడిమింది. నునుపుగా ఉంది. రేకు ఏటవాలు చూసింది. రెండు టైర్లూ ఒకే ఎత్తు. జీపు అడిగి తీసుకుని చక్రాలు తిప్పింది. పొడి ఉంది, దూది లేదు. గాలి లేదు. అతని వేలు లేటు కాలేదు. తొందరపడనూ లేదు.

"దొరికిందా?" అన్నాడు ఖైసర్.

"లే."

"ఆపా, లేవండి. చేతులు కడుక్కోండి," అంది హఫీజా లోపలినుంచి.

లారీవాడు మళ్లీ హారన్ కొట్టాడు. ఖైసర్ ఆమె చేతిలోంచి జీపు తీసుకుని గిరాకీ కోసం బయటికి నడిచాడు. ప్రవళిక రెండో గాడి కూడా తడిమి చూసింది. అక్కడా ఏమీ లేదు.